సొప్పమ్మా సొప్పు

తెల్లవారుజాము నాలుగున్నర. బెంగళూరు సిటీ మార్కెట్ ఫ్లైఓవర్ కింద నిలబడి ఉన్నాం. కాగితాల్లో దీని పేరు కృష్ణరాజేంద్ర మార్కెట్, 1928 నాటిది. ఇక్కడికొచ్చే వాళ్లెవరూ అంత పేరు పలకరు. కండక్టరు ‘మార్కెట్, మార్కెట్’ అని అరుస్తాడు, జనం దిగిపోతారు. నేల తడిగా, జారుగా ఉంది. రాలిన కొత్తిమీర కాడలు, క్యాబేజీ పై రేకులు, చామంతి రెక్కలు నలిగి చెప్పులకు అంటుకుంటున్నాయి. ముందు పూల వాసన తగులుతుంది. రెండడుగులు వేస్తే మెంతికూర, ఇంకో రెండడుగులకు కుళ్లిన టమాటా. హోస్కోటె, మాలూరు, ఆనేకల్, మాగడి వైపు నుంచి వచ్చిన టెంపోలు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. తలమీద మూటలతో హమాలీలు మన భుజాలు రాసుకుంటూ పోతున్నారు. పక్కకు జరగండి. ఇక్కడ బరువు మోసేవాడిదే దారి.

అక్క నాకంటే పదడుగులు ముందు నడుస్తోంది. యాభై దాటిన మనిషి. పేరు రాయొద్దంది, రాయను. ఇంకో రెండు గంటల్లో చీపురు పట్టుకుని వీధిలో ఉంటుంది. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువ మంది ఇంట్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల వాళ్లే. ఈమె తాత మూడు తరాల కిందట చిత్తూరు వైపు నుంచి వచ్చాడు. ఇప్పుడు ఊరితో మిగిలిన చుట్టరికమల్లా భాష, రాగిసంగటి.

“ఈ యేళకొస్తేనే అన్నా మనకి దొరికేది. ఎనిమిదికొస్తే బండోళ్లు ఏరుకోని పోయినాక మిగిలిందే. అదీ రెండింతలు చెప్తారు.”

ఆకుకూరల వాళ్లు నేలమీద గోనెపట్టాలు పరిచి కూర్చున్నారు. సెల్‌ఫోన్ లైటు వెలుతురులో కట్టలు పచ్చగా మెరుస్తున్నాయి. కన్నడంలో ఆకుకూర అంటే సొప్పు. ఇక్కడ ప్రతి ఆకుకీ రెండు పేర్లు. మన పెరుగు తోటకూర ఇక్కడ దంటు సొప్పు. సోయికూర సబ్బసిగె. బచ్చలి బసళె. మునగాకు నుగ్గె సొప్పు. పొన్నగంటి హొనగొన్నె. అక్క అమ్మకందారుతో కన్నడంలో బేరమాడుతుంది, నాకు తెలుగులో వివరిస్తుంది, మధ్యలో పక్కామెతో తమిళంలో ఓ మాట అంటుంది. బడికి పోలేదు, మూడు భాషలొచ్చు.

పొన్నగంటి కట్ట చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. “యావ కెరెదమ్మా ఇదు?” ఏ చెరువుది? చెరువుది కాదు, మాలూరు వైపు బోరు నీళ్లది అంటుంది అమ్మే ఆమె. అక్క ఇంకోసారి వాసన చూసింది. పక్కన పెట్టేసింది.

ఈ అనుమానం ఊరికే వచ్చింది కాదు. వాళ్లమ్మ కాలంలో పొన్నగంటి కొనే కూర కాదు, చెరువు గట్టున కోసుకొచ్చేది. గంగపాయల, చెంచలి కూడా అంతే. ఇప్పుడు మిగిలిన చెరువుల చుట్టూ కంచెలు, లోపలికి పోయేందుకు వేళలు. లేనివి ఎటూ లేవు. అక్క ఇంటికి నడిచిపోయే దూరంలో ఉన్న మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. మిగిలిన నీళ్లలో మురుగు కలిసింది. బెంగళూరులో అమ్మే కూరగాయలను కర్ణాటక ప్రభుత్వ పర్యావరణ పరిశోధన సంస్థ ఎంప్రి పరీక్షించినప్పుడు, పరిమితికి మించి లోహాలున్నట్టు తేలింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ సంగతిని విచారణకు తీసుకుంది. అక్కకు ట్రిబ్యునల్ సంగతి తెలియదు. మురుగునీళ్ల ఆకు ఉడికేటప్పుడు వచ్చే వాసన తెలుసు.

చివరికి ఐదు కట్టలు తీసుకుంది. దంటు మూడు, సబ్బసిగె ఒకటి, మెంతికూర ఒకటి. రెండు కట్టలు తనకి, మూడు పక్కింటి వాళ్లకి. వాళ్లు ముందురోజే డబ్బులిచ్చి పెట్టారు. సందులో ఎవరు మార్కెట్‌కి పోతే వాళ్లు మిగతావాళ్లకూ తేవడం ఆడవాళ్లు తమలో తాము పెట్టుకున్న పద్ధతి. దీనికి సంఘం లేదు, రిజిస్టరు లేదు. నేను చూసిన సహకార సంఘాల్లో ఇంత సూటిగా పనిచేసేది ఇంకోటి లేదు.

మసీదు వైపు నుంచి అజాన్ వినబడుతోంది. సంచీ భుజానికేసుకుని కాటన్‌పేట వైపు నడుస్తున్నాం.

సందు మొదట్లో మునగచెట్టు. మొదలు చుట్టూ సిమెంటు గట్టు, గట్టుమీద బిందెలు. ఇటుపక్క పాత పెయింటు డబ్బాలో తులసి, పగిలిన ప్లాస్టిక్ బకెట్లో పుదీన. బెంగళూరు చెట్లనూ చెరువులనూ ఏళ్లుగా పరిశీలిస్తున్న హరిణి నాగేంద్ర, దివ్యా గోపాల్‌తో కలిసి ఈ నగరపు మురికివాడల పచ్చదనం మీద 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. మునగ ఈ వాడల్లో తరచు కనబడే చెట్టని, డబ్బాల్లో బకెట్లలో కూడా మొక్కలు పెంచుకుంటారని అందులో రాశారు. ఆ వాక్యం ఇక్కడ చెట్టుగా నిలబడి ఉంది. ఆకు కోసుకునేందుకు ఎవరినీ అడగక్కర్లేదు. కాయలు మాత్రం చెట్టు నాటిన ముసలాయన ఇంటికి.

ఇల్లు ఒకటిన్నర గది. పొయ్యి ఉన్న మూల సగం గది. ఆ మూలకి ఎదురుగా చిన్న ఫ్రిజ్, పాతదే, తలుపుమీద గీతలు. అక్క దానిమీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

2025 మే 1న కర్ణాటక ప్రభుత్వం 12,692 మంది పౌరకార్మికులకు పర్మనెంటు ఉద్యోగ పత్రాలు ఇచ్చింది. ఏళ్ల తరబడి ధర్నాలు, 2022లో సమ్మె, ఆ తర్వాత వచ్చిన కాగితం. అందులో ఒకటి అక్కది. పెరిగిన జీతంతో ముందు ఏం కొన్నావని అడిగితే నగలో చీరో చెప్తుందనుకున్నాను.

“ఇదే అన్నా. ముందయితే తెచ్చింది ఆ పూటకే. రేపటికని పెడితే మధ్యానానికి వాడిపాయె. ఇప్పుడు సొప్పు రెండు దినాలు ఉంటాది. పాలు ఉంటాది.”

కూరగాయలు తినడం లేదని పేదవాళ్లకు బోధ చేసేవాళ్లు ఈ ఫ్రిజ్ ముందు ఒక్క నిమిషం నిలబడాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో కూర రోజూ కొనాలి, కొంచెం కొనాలి. కొంచెం కొంటే ఎక్కువ ధర. వారానికి సరిపడా ఒకేసారి చౌకగా కొనుక్కునే వీలు, వారం నిలవచేసుకోగలిగే ఇళ్లకే ఉంటుంది.

ఇవాళ కావేరి నీళ్లొచ్చే రోజు. రోజు విడిచి రోజు వస్తాయి. వీధి కుళాయి దగ్గర బిందెల వరుస అప్పటికే మలుపు తిరిగింది. కోడలు వరుసలో ఉంది. ఐదో నెల. అక్క గడప మీద కూర్చుని దంటు కట్ట విప్పి, మెత్తటి కాడలు ఒకపక్క, ఆకులు ఒకపక్క వేస్తోంది. మట్టి చూడండి. వేళ్ల దగ్గర మాత్రమే కాదు, ఆకు వెనక కూడా ఎర్రటి పొడి. మొదటి కడుగుడు నీళ్లు టీ రంగులో ఉన్నాయి. రెండోది పలచని టీ. మూడోది, నాలుగోది అయితేగానీ గిన్నె అడుగు కనబడలేదు. రెండు కట్టల ఆకుకూర తయారయ్యేసరికి ఒక బిందె ఖాళీ.

“నీళ్లు రాని దినం సొప్పు చేసేకి లేదు. బంగాళాదుంపలే.”

2024 వేసవిలో బెంగళూరు నీళ్లకు కటకటలాడినప్పుడు దేశమంతా అపార్ట్‌మెంట్ల ట్యాంకర్ల గురించి చదివింది. ఆ నెలల్లో ఈ సందులో ఆకుకూరలు ఉడకలేదు. ఆ సంగతి ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. ఆకుకూరకీ నీళ్లకీ ఉన్న ఈ ముడి నాకు ఈ గడప మీద కూర్చున్నాకే తెలిసింది.

ఆరున్నరకి హాజరు. ఆకుపచ్చ కోటు వేసుకుని, చీపురు భుజాన పెట్టుకుని అక్క వెళ్లిపోయింది. ఒక గంట నేను వెనక వెనకే నడిచాను. ఒక హోటల్ ముందు రాత్రి మిగిలిన అన్నం కవరు చిరిగి రోడ్డుమీద పరుచుకుని ఉంది. పక్కనే పూలకోసు ఆకుల గుట్ట. ఆ ఆకులు లేతవి. మా ఊళ్లో వాటితో పచ్చడి చేస్తారు. అక్క వాటివైపు చూడకుండా చెత్తబండిలోకి ఎత్తింది. ఊరు పారేసిన తిండిని రోజూ ఎత్తే చేతులు ఇవి. మార్కెట్లో అందరికంటే ముందు నిలబడి ఏరుకునే చేతులు కూడా ఇవే. పొద్దున పొన్నగంటిని వెనక్కి పెట్టేసినప్పుడు ఆమె ముఖంలో కనబడిన పట్టుదల నాకు ఇప్పుడు అర్థమైంది.

ఎనిమిదిన్నర దాటాక తిండి వేళ. ఇందిరా క్యాంటీన్ కిటికీ ముందు వరుసలో నిలబడ్డాం. గోడమీద ఇందిరా గాంధీ బొమ్మ. ముందున్న వాళ్లు ఒక ఆటోడ్రైవరు, ఇద్దరు కాలేజీ పిల్లలు, సిమెంటు దుమ్ము కొట్టుకున్న నలుగురు కుర్రాళ్లు. టిఫిను 5 రూపాయలు, మధ్యాహ్నం, రాత్రి భోజనం 10 రూపాయలు. 2017 ఆగస్టు 16న ఈ నగరంలో మొదలైనప్పుడు ఇవే ధరలు. చెన్నైలో 2013లో తెరిచిన అమ్మ క్యాంటీన్లు దీనికి దారి చూపాయి. హైదరాబాదులో 5 రూపాయల భోజనం 2014లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో వచ్చి, ప్రభుత్వం మారగానే మూతపడి, 2024లో మళ్లీ తెరుచుకున్నాయి. ఇక్కడా అంతే. ప్రభుత్వం మారాక నిధులు తగ్గి కొన్ని మూతపడ్డాయి. 2023లో మళ్లీ ఊపు వచ్చింది. పేదవాడి పళ్లెం ఎన్నికలతో పాటు తెరుచుకుని మూసుకోవడం నాకు కోపం తెప్పిస్తుంది. ఆస్పత్రిని ఎవరూ అలా మూయరు కదా.

ఖారాబాత్, అంటే ఉప్మా, వేడిగా ఉంది. చట్నీలో పచ్చిమిర్చి ఘాటు ముక్కుకి తగులుతోంది. నిలబడే తినాలి, బల్ల నడుము ఎత్తులో ఉంటుంది. సిమెంటు కుర్రాళ్లలో ఒకడు కదిరి దగ్గర వాడట. నా యాస విని పలకరించాడు.

“అన్నా, ఇది లేకపోతే పొద్దున ఒక టీ, ఒక బన్ను. అంతే. పదిగంటలకి కండ్లు తిరిగేవి.”

అతని మాటే ఈ క్యాంటీన్‌కి నేనిచ్చే సర్టిఫికెట్. ఆకలి కడుపుతో పనిచేసే ఊరు కాకుండా చేసింది. అయితే ఇడ్లీ, ఖారాబాత్, పొంగలి, రైస్‌బాత్, మధ్యాహ్నం అన్నం సాంబారు, పెరుగన్నం అని వారం మొత్తం మెనూ వరుసగా చదివితే, ఎక్కువగా ఉన్నది బియ్యం, రవ్వ. 2023లో క్యాంటీన్లను సరిచేసినప్పుడు రాగిముద్ద, ఆకుకూర సారు కూడా చేరుస్తామని ప్రకటించారు. అది సరైన దారి. ముద్ద ప్రతిరోజూ ఉండాలి. దాని పక్కన గుడ్డు కూడా ఉండాలని నా అభిప్రాయం.

కదిరి కుర్రాడిని రేషన్ సంగతి అడిగాను. కార్డు ఊళ్లో ఉంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద కేంద్రం వాటా బియ్యం ఇక్కడ కూడా తీసుకోవచ్చని చెప్తే నావైపు వింతగా చూశాడు. తీసుకున్నా వండుకునేందుకు పొయ్యి ఎక్కడుంది అన్నాడు. కడుతున్న భవనం ఐదో అంతస్తులో పడుకుంటారు.

రెండున్నరకి అక్క పని ముగిసింది. నేరుగా సొసైటీకి. రేషన్ దుకాణాన్ని ఇక్కడ అందరూ అలాగే అంటారు. రాష్ట్ర ప్రభుత్వ రేషన్ బియ్యం పథకం అన్నభాగ్య 2013లో మొదలైంది. మనిషికి నెలకు 10 కిలోలన్న 2023 నాటి హామీలో కొత్తగా చేరిన ఐదు కిలోలకు బియ్యం దొరక్క, మొదట కిలోకి 34 రూపాయల చొప్పున నగదు వేశారు. 2025 మొదట్లో మళ్లీ బియ్యమే ఇచ్చారు. వేలిముద్ర మిషను మీద మూడుసార్లు వేలు రుద్దుకుని, చీరకొంగుతో తుడుచుకుని, నాలుగోసారి నొక్కితే అంగీకరించింది. చీపురు పట్టే చేతుల గీతలు అరిగిపోతాయి. బియ్యం ధారగా సంచిలోకి పడుతోంది. చేతిలోకి తీసుకుని చూడండి. తెల్లగా, పాలిష్ పట్టి, రాయి లేకుండా ఉన్నాయి.

బియ్యానికి ఈ ఇంట్లో కొదవ లేదు. ఇది చిన్న విషయం కాదు. అక్క చిన్నప్పుడు గంజి నీళ్లతో పడుకున్న రాత్రులున్నాయి. కానీ సంచిలో ఇంకేముందో చూస్తే సంచి ఖాళీ. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజుకు ఒక మనిషి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినాలని ఉంది. ఐదుగురున్న ఇంటికి రోజుకి రెండు కిలోల కూర. సగటున కిలో 40 రూపాయలనుకున్నా రోజుకి 80, నెలకు 2,400. పండ్లు, పప్పు, గుడ్డు, పాలు ఇంకా లెక్కలోకి రాలేదు. బియ్యం ఉచితం, మిగతా పళ్లెమంతా సొంత ఖర్చు. ఇంట్లో అన్నం కుప్పగా, కూర చుక్కగా కనబడేది అందుకే. తెలియక కాదు.

2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం ఒక మంచి నిర్ణయం చేసింది. అదనపు ఐదు కిలోల బియ్యానికి బదులు కందిపప్పు, నూనె, చక్కెర, ఉప్పు ఉన్న ‘ఇందిరా కిట్’ ఇవ్వాలని. అక్కకి చెప్తే కందిపప్పు అన్న చోట ఆగింది.

“పప్పు ఇస్తే చాలు సామీ. చక్కెర ఎందుకు? మా ఆయనకి షుగరే ఉండాది.”

మంత్రివర్గం ముందు పెట్టదగ్గ సవరణ ఇది.

సొసైటీలో బియ్యంతో పాటు రాగులు కూడా తీసుకుంది. దక్షిణ కర్ణాటక జిల్లాల్లో రాగులిస్తారు, ఉత్తరాన జొన్నలు. పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికల్లో వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములకు లోపే. రాయలసీమ నుంచి వచ్చిన ముసలమ్మలకు పట్టిక అక్కర్లేదు. సంగటి తిన్నోడి ఎముక వేరే అంటారు.

దారిలో మనవడు బడి నుంచి ఎదురొచ్చాడు, నాలుగో తరగతి. ఏం తిన్నావురా అంటే “మొట్టె” అన్నాడు, గుడ్డు. కర్ణాటక బడుల్లో గుడ్డు పెట్టాలా వద్దా అని మఠాలు, సంఘాలు తగువులాడిన రోజులు నాకు గుర్తున్నాయి. 2021 చివర్లో కొన్ని వెనకబడిన జిల్లాల్లో మొదలై రాష్ట్రమంతా పాకింది. 2024లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ డబ్బు పెట్టడంతో వారానికి ఆరు రోజులైంది. తినని పిల్లలకు అరటిపండు. క్షీరభాగ్య పథకం కింద పాలు 2013 నుంచే ఉన్నాయి. బడి భోజనమే చాలామంది పిల్లలకు రోజు మొత్తంలో అన్నీ ఉన్న పూట. బడులకు భోజనం వండి పంపే అక్షయపాత్ర సంస్థ 2000లో ఇదే బెంగళూరులో 1,500 మంది పిల్లలతో మొదలైంది, వాళ్ల భోజనంలో గుడ్డుండదు. గుడ్లు బడిలోనే విడిగా ఉడకబెడతారు. మనవడి బుగ్గ పక్కన పచ్చసొన పొడి ఇంకా అంటుకుని ఉంది. అక్క కొంగుతో తుడిచింది.

ఇక కోడలి సంగతి. ఇక్కడ నేను కొంచెం ఆగాలి.

ఆమె మూడు ఇళ్లలో పనిచేస్తుంది. పోయిన నెల పరీక్షలో రక్తం తొమ్మిదే ఉందన్నారు. ఐరన్ మాత్రలిచ్చారు, వేసుకుంటే కడుపులో తిప్పుతోందని సగం వదిలేసింది. ఆమె ఒక్కతే కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటకలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 47.8 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్లలోపు పిల్లల్లో 65.5 శాతం మందికి. ఆ పిల్లల్లోనే 35.4 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు పెరగలేదు. దేశానికే కంప్యూటర్ల రాజధాని అనిపించుకున్న నగరం ఉన్న రాష్ట్రం లెక్క ఇది.

దీనికి మందులాంటి పథకం ఉంది. మాతృపూర్ణ. 2017 అక్టోబరు 2న రాష్ట్రమంతా మొదలైంది. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీకి వెళ్తే వేడి అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు పెడతారు. అక్కడే కూర్చోబెట్టి తినిపించడంలో అర్థముంది. ఇంటికిస్తే ఆ గుడ్డు మొగుడికో పిల్లలకో పోతుందని పథకం రాసినవాళ్లకు తెలుసు. అంగన్‌వాడీ ఇక్కడికి రెండు సందుల అవతల. కోడలు ఒక్కరోజు కూడా పోలేదు.

“పన్నెండుకి పొమ్మంటారు. పన్నెండుకి నేను మూడో ఇంట్లో గిన్నెల కాడ ఉంటా. చెయ్యి కడుక్కోని పోయొస్తా అంటే వొప్పుకుంటారా? ఒక దినం వొప్పుకుంటారు. దినామూ వొప్పుకుంటారా అన్నా?”

తిండి ఉంది. వండిపెట్టే మనిషి ఉంది. తినాల్సిన అమ్మాయి ఉంది. వీళ్ల మధ్య ఉన్న దూరం రెండు సందులు కాదు, పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఒక గంట. పొద్దున్నుంచి నేను చూసిందంతా ఇదే. మార్కెట్లో కూర ఉంది, తెల్లవారుజామున నాలుగున్నరకి లేవగలిగిన వాళ్లకు. ఆకుకూర చౌకే, నీళ్లొచ్చే రోజున. ఏం తినాలో ఈ ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ల రోజులో ఆ గంటను, ఆ బిందెను, ఆ కిలో పప్పును ఎవరో ఒకరు చేర్చాలి.

సాయంత్రం ఆరు. సందులోకి తోపుడుబండి వచ్చింది. “సొప్పమ్మా సొప్పూ…” చివరి అక్షరం గాల్లో సాగుతోంది. పొద్దున మార్కెట్లో చూసిన దంటే, వాడి తలలు వాల్చింది. గోనె తడిపి కప్పాడు. ధర పొద్దుటి దానికి రెండింతలు. అయినా బండి చుట్టూ ఎనిమిదిమంది ఆడవాళ్లు మూగారు. నాలుగున్నరకి లేవలేని వాళ్లు, పిల్లల్ని ఒంటరిగా వదల్లేని వాళ్లు. బండివాడు అరువు ఇస్తాడు, జేబులో నోటుపుస్తకం ఉంది. సూపర్‌మార్కెట్ అరువివ్వదు.

లాల్‌బాగ్ దగ్గర ఆఫీసున్న హాప్‌కామ్స్ గుర్తొచ్చింది. లాల్‌బాగ్‌ను చూసుకున్న ఎం.హెచ్. మరిగౌడ 1959లో ద్రాక్ష రైతుల సంఘంగా మొదలుపెట్టించిన సహకార సంస్థ. రైతుకి సరైన ధర, కొనేవాడికి సరైన తూకం. గొప్ప ఆలోచన, ఇప్పటికీ నిలిచింది. దాని అంగళ్లు నాకు తగిలినవి ఎక్కువగా జయనగర్, మల్లేశ్వరం లాంటి పేటల్లో, పార్కుల పక్కన, పెద్ద రోడ్లమీద. ఇలాంటి సందు మొదట్లో మునగచెట్టు పక్కన ఒకటి చూడాలని ఉంది. అంగడి కట్టే చోటు లేకపోతే బండి చాలు. పొద్దున ఆరుకి ముందు ఒకసారి, సాయంత్రం ఆరుకి ఒకసారి మార్కెట్ ధరకే రావాలి. సహకార సంస్థ చేయగలిగిన పనే ఇది.

ఏడున్నరకి అక్క పొయ్యి వెలిగించింది. ఇవాళ బస్సారు. రాయలసీమ, కోలారు తెలుగువాళ్లు ఈ ఊరి నుంచి తీసుకున్న మంచి వస్తువుల్లో ఇదొకటి. దంటు ఆకు, కాడలు, కొంచెం కందిపప్పు కలిపి ఉడికించి వార్చింది. వార్చిన నీళ్లు ఒక గిన్నెలో, ఉడికిన ఆకు ఇంకో గిన్నెలో. ఆ నీళ్లలో ఎండుమిర్చి, వెల్లుల్లి, కొబ్బరి, చింతపండు నూరి పోసి మరిగిస్తే సారు. ఆకుకి ఉల్లిపాయ తాలింపు పెడితే కూర. ఒక్కసారి వెలిగించిన పొయ్యి మీద రెండు వంటలు. ఆకులోంచి దిగిన సారం చుక్క కూడా మోరీలోకి పోదు.

ఇంకో గిన్నెలో ఎసరు తెర్లుతోంది. రాగిపిండి కుప్పగా పోసి, మధ్యలో కర్రతో గుంట చేసి, మూతపెట్టి, తర్వాత గిన్నెను రెండు పాదాల మధ్య బిగించి పట్టుకుని కెలుకుతోంది. భుజం నుంచి వచ్చే బలం. ఉండ కట్టకుండా, గరగర లేకుండా నల్లగా నిగనిగలాడుతూ ముద్దలొచ్చాయి. తడిచేత్తో గుండ్రంగా చేసి కంచాల్లో పెట్టింది. నాకూ ఒకటి. ముద్ద నమలకూడదు, సారులో ముంచి మింగాలి. వెల్లుల్లి ఘాటు గొంతులో దిగి కడుపులో వెచ్చగా కూర్చుంది.

మనవడు అన్నం కావాలని మారాం చేశాడు. పెట్టింది. “ముద్ద కూడా తిను, లేకపోతే పడుతావు” అంది. కోడలి కంచంలో కూర రెండు గరిటెలు ఎక్కువ వేసింది. తనకి గిన్నె అడుగున మిగిలింది. అది కూడా చూశాను, రాయకుండా ఉండలేను.

తొమ్మిదికి అందరూ పడుకున్నారు. అలారం నాలుగుకి.

ఈ వ్యాసం చదువుతున్న వాళ్లలో బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. మీకు రెండు మాటలు. 2025 సెప్టెంబరు నుంచి నగరం ఐదు కార్పొరేషన్లయింది. మీది ఏదైనా సరే, మీకు దగ్గర్లో ఉన్న ఇందిరా క్యాంటీన్‌కి నెలకొక్కసారి వెళ్లి 10 రూపాయలిచ్చి తినండి. ముద్ద ఉందా, ఆకుకూర ఉందా చూడండి. లేకపోతే అక్కడున్న వాళ్లమీద అరవకండి, కార్పొరేషన్‌కి రాతపూర్వకంగా రాయండి. సిమెంటు కుర్రాళ్లకు ఆ తీరిక లేదు, మీ ఉత్తరానికి జవాబొస్తుంది.

రెండోది మీ ఇంట్లోనే అయ్యే పని. మీ ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి కడుపుతో ఉంటే, పన్నెండు గంటలకు ఆమెను అంగన్‌వాడీకి పంపండి. రోజూ పంపండి. ఆ గంటకు జీతం కోయకండి.